తెరకు వీపు పెట్టి

“పాపకి చెవులు పోతున్నాయేమో అక్కా.”

మేడ మెట్ల మీద తడిబట్టల బకెట్‌తో ఎదురైన మనిషితో, పలకరింపైనా లేకుండా అనేశాను. అంతకు ముందు ఆ మాట ఎవరితోనూ అనలేదు. నా భార్యతో అంటే నిజమైపోతుందని భయం. చెవుల డాక్టర్‌తో అందామంటే మంగళవారం దాకా ఖాళీ లేదన్నారు. ఆఫీసులో అంటే ధైర్యం చెబుతారు. ధైర్యం చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఇంకా భయం వేస్తుంది.

ఆవిడ బకెట్ కింద పెట్టింది. నాకు ఎడమ పక్కన నిలబడి ఉన్నదల్లా ఒక మెట్టు దిగి, చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చింది. అదొక అలవాటు ఆవిడకి. ఎవరితో మాట్లాడాలన్నా వాళ్ళ కుడి పక్కకే చేరుతుంది. గోడ అడ్డమొస్తే ఎదుటి మనిషినే జరగమంటుంది.

“ఇప్పుడు చెప్పు. పోతున్నాయేమోనా, పోయాయా? రెండిటికీ చాలా తేడా ఉంది.”

“పిలిస్తే పలకడం లేదు.”

“మూడేళ్ళ పిల్ల. పిలవగానే పలికితే అప్పుడు భయపడాలి.”

నాకు నవ్వు రాలేదు. నా మొహం చూసి ఆవిడా నవ్వు ఆపేసింది. “బట్టలు ఆరేసి వస్తాను, పద,” అంది.

ఆవిడ మా పై వాటాలో ఒక్కతే ఉంటుంది. వయసు యాభై దాటింది. పాత టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్‌లోని సినిమాలూ కార్టూన్లూ చూపించే చిన్న నల్ల పెట్టెలు తయారుచేసే కంపెనీలో పని. పేరున్న పెట్టెలు కొనే స్తోమత లేని మాలాంటి ఇళ్ళ కోసం చేసే చవక పెట్టెలవి. అందులో ఆవిడ చేసే ఉద్యోగం వినడం. కంపెనీలో ఒక గది నిండా కొత్తవీ పాతవీ టీవీలుంటాయి. ఏ రకం ఫైలుకి బొమ్మ వచ్చి మాట రాదు, దేనికి మాట వచ్చి బొమ్మ నిలిచిపోతుంది, దేనికి రెండూ వచ్చి ఒకదాని వెనక ఒకటి పరిగెడతాయి, ఇవన్నీ తేల్చి చెప్పాలి. తేల్చేటప్పుడు ఆవిడ టీవీకి వీపు పెట్టి కూర్చుంటుంది. ఒకసారి పాపని తీసుకెళ్ళి ఆ గది చూపించింది. ఇంటికి రాగానే పాప “వీపత్త, వీపత్త” అని గోల. బిల్డింగులో పిల్లలంతా ఆ పేరు అందుకున్నారు. పెద్దవాళ్ళం ఆవిడ ఎదుట అనకూడదని జాగ్రత్తపడుతూ ఉంటే, ఆవిడే ఒకరోజు మా తలుపు కొట్టి, “ఎవరూ అంటే ఏం చెప్పను? వీపత్తని!” అంది.

మా ఇంట్లో ఉన్నదీ వాళ్ళ పెట్టే. కొనే ముందు అడిగాను, “చవకది కదా అక్కా, అన్నీ వస్తాయా?” అని.

“అట్ట మీద అన్నీ వస్తాయనే వేస్తాం. లోపల మాత్రం వచ్చేవే వస్తాయి.”

“అంటే?”

“సినిమా అంటే పార్సిల్ అనుకో. బొమ్మలు ఒక రకంగా కట్టి ఉంటాయి, మాటలు ఇంకో రకంగా. ఒక్కో కంపెనీది ఒక్కో ముడి. ముడి విప్పడం పెట్టెకి రావాలి. కొన్ని ముళ్ళు విప్పడం నేర్పించాలంటే ఖర్చు. చవక పెట్టెకి ఆ చదువు చెప్పించరు. రాని ముడి వస్తే తెల్లమొహం వేస్తుంది, లేకపోతే తెలిసినంత వరకు విప్పి ఊరుకుంటుంది. తెల్లమొహం వేస్తే నయం. సగం విప్పి ఊరుకునేదే ప్రమాదం.”

అప్పుడు విని నవ్వుకున్నాను. నేను కెమిస్ట్రీ చదివి, కుళాయి నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. టీవీ పెట్టె చదువు గురించి ఆలోచించే అవసరం నాకేముంటుంది అనుకున్నాను.

తర్వాత పాపకి ఆ జ్వరం వచ్చింది.

ఒళ్ళు కాలిపోయేది. పక్కన పడుకుంటే ఆ వేడి నా చొక్కాలోంచి తెలిసేది. జ్వరంతో పాటు జలుబు, చెవి పట్టుకుని ఏడుపు. తగ్గేసరికి మా ఇద్దరి మొహాలూ పీక్కుపోయాయి. తగ్గిందని ఊపిరి పీల్చుకునేలోపే మొదలైంది ఈ రెండో భయం.

పాపకి ఒక కార్టూన్ ఉంది. అందులో తాబేలు తాత రోజూ ఏదో ఒకటి పోగొట్టుకుని, “నా గొడుగు ఎక్కడ పెట్టానర్రా?” అని పిల్లల్ని అడిగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తాడు. “బల్ల కింద తాతా! బల్ల కింద!” అని పాప అరిచే అరుపుకి కింది వాటా వాళ్ళు గొడుగు వెతికేవారని మా ఇంట్లో జోకు. జ్వరం తగ్గాక పాప అరవడం మానేసింది. తాత అడుగుతాడు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంటాడు. పాప ఆయన నోటికేసి చూస్తూ ఉంటుంది. గొడుగు అక్కడే, బల్ల కిందే కనిపిస్తూ ఉంటుంది. తాత కాసేపు ఆగి, “భలే చెప్పారు!” అనుకుని వెళ్ళిపోతాడు.

ఒక సాయంత్రం వంటింట్లోంచి వచ్చేసరికి పాప టీవీకి చెవి ఆనించి నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని, నోరు కొంచెం తెరిచి. చేతిలో రిమోట్. సంగీతం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

ఆ రోజు నుంచి నాలోని సైన్సు నన్ను నిలవనీయలేదు. వెనక నుంచి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టాను. తిరిగింది. పేరు పెట్టి మెల్లగా పిలిచాను. తిరగలేదు. తలుపు దగ్గర నుంచి పిలిచాను. తిరగలేదు. చాక్లెట్ కాగితం నలిపాను. తిరిగింది.

“చూశారా, వినపడుతోంది,” అంది నా భార్య. ఆమె గొంతులో ధైర్యం లేదు, ధైర్యంలాంటిది ఉంది.

“కాగితం చప్పుడు వేరు. మాట వేరు. కొన్ని శబ్దాలు వినపడి మాట వినపడకపోవడం ఉంటుంది.”

“ఎక్కడ చదివారు?”

చెప్పలేదు. ల్యాబులో సీసాలు ముందు పెట్టుకుని ఫోనులో చదివినవన్నీ చెబితే ఆమె కూడా నిద్రపోదు. జ్వరాలు చెవి నరాన్ని ఎలా తినేస్తాయో చదివాను. మాటలు నేర్చే వయసులో వినికిడి పోతే ఏమవుతుందో చదివాను. చదువుతూ పాప మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకునేవాణ్ణి. ఇంకా ‘నాన్న’ సరిగానే అంటోందా? ‘రైలు’ని మళ్ళీ ‘లైలు’ అంటోందేమిటి?

ఇదంతా అక్కతో మెట్ల మీదే చెప్పాను. బట్టలు ఆరేసి, అన్నట్టుగానే కిందికి వచ్చింది. మా ఆవిడ టీ పెడతానంటే, “తర్వాతమ్మా. ముందు ఆ తాబేలుని పెట్టు,” అంది.

కార్టూన్ పెట్టాం. పాప తన చిన్న కుర్చీలో కూర్చుంది. నేను పాపనే చూస్తున్నాను. అక్క మా సోఫాని ఒక్క తోపుతో వెనక్కి తిప్పి, గోడకేసి చూస్తూ కూర్చుంది.

“వీపత్తా, తాత ఇటున్నాడు!” అని నవ్వింది పాప.

“నాకు తెలుసే. మీ తాత మొహం నేను చూడను. అలిగాను.”

సంగీతం వచ్చింది. తాబేలు అడుగుల చప్పుడు వచ్చింది. వాన చప్పుడు. నేను పాప మొహం మీద నుంచి కళ్ళు తిప్పలేదు. తాత అడగడం, ఆగడం, పాప ఊరుకోవడం, అన్నీ మామూలే.

“చూశావా అక్కా? అడిగాడు. చెప్పలేదు.”

“ఎవరడిగారు?”

“తాత. గొడుగు ఎక్కడ పెట్టానర్రా అని.”

అక్క సోఫాలోంచి లేవకుండానే, చాలా మెల్లగా అడిగింది, “నువ్వు విన్నావా?”

“విన్నా...” అనబోయి ఆగాను.

తెర కింద అక్షరాలున్నాయి. జ్వరంలో పాప నిద్ర చెడకూడదని నా భార్య సౌండ్ తగ్గించి, మాటలు అక్షరాలుగా వచ్చేలా పెట్టింది. అవి అలాగే ఉండిపోయాయి. పాపకి చదవడం రాదు. మాకు వచ్చు. మేం చదివి, విన్నామనుకున్నాం.

“నా వీపుకి వాన వినపడింది, అడుగులు వినపడ్డాయి,” అంది అక్క. “మనిషి గొంతు ఒక్కటీ వినపడలేదు.”

మేడ మీదికి వెళ్ళి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి పెట్టెకి గుచ్చింది. తెర మీద బొమ్మేమీ లేదు, నల్లగా ఉంది. ఆవిడ గొంతే వినిపించింది. “నేను ఎడమ.” తర్వాత, “నేను కుడి.” తర్వాత ఏమీ లేదు. కాసేపటికి మళ్ళీ, “నేను ఎడమ.”

“మధ్యలో ‘నేను మధ్య’ అనాలి,” అంది. “ఇప్పటి సినిమాల్లో మాటలన్నీ ఆ మధ్య దారిలోనే పెడతారు. సంగీతం, వాన, అడుగులు పక్క దారుల్లో. మన టీవీకి ఉన్నవి రెండు దారులే. మధ్యదాన్ని విడదీసి రెంటిలోనూ కలపడం పెట్టె పని. కలపకుండా పారేస్తోంది. ఈ మధ్య పెట్టెకి కొత్త అప్‌డేట్ వచ్చిందా?”

“జ్వరం రోజుల్లో ఏదో వచ్చింది. దానంతటదే అయిపోయింది.”

“అది నా చెవి మీదుగానే వెళ్ళింది తమ్ముడూ. సరే అన్నది నేనే. ఈ మధ్య దారి ఉన్న సౌండ్ మాత్రం పెట్టి వినలేదు.” కుర్చీలో కూలబడింది. “ఇంకెన్ని ఇళ్ళలో తాతలు నోళ్ళాడిస్తున్నారో.”

“అత్త మాట టీవీ మింగేసింది!” అని పాప చప్పట్లు కొట్టింది.

సెట్టింగుల్లోకి వెళ్ళి అక్క ఏదో మార్చింది. “నేను మధ్య,” అంది టీవీ. మళ్ళీ తాబేలు కార్టూన్ పెట్టాం. “నా గొడుగు ఎక్కడ పెట్టానర్రా?” అని తాత గొంతు గదంతా నిండింది. పాప కుర్చీలోంచి ఎగిరి దూకి, “బల్ల కింద తాతా!” అని అరిచింది.

నా భార్య వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఫోను తీశాను.

“ఎవరికి?” అంది అక్క.

“ఆస్పత్రికి. మంగళవారం అక్కర్లేదని చెప్పేస్తాను. పాపని ఆ గదుల్లో కూర్చోబెట్టి భయపెట్టడం ఎందుకు?”

ఆవిడ లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుంది. అంత విసురు ఆవిడలో ఎప్పుడూ చూడలేదు.

“పెట్టెలో తప్పుందని తేలింది. పిల్ల చెవిలో లేదని ఎవరు తేల్చారు?”

“ఇప్పుడే పలికింది కదక్కా!”

“ఇల్లు అదిరేలా పెట్టాక పలికింది. నువ్వు తలుపు దగ్గర పిలిచినప్పుడు పెట్టె మింగిందా ఆ మాటని? చెవి పట్టుకుని ఏడ్చిందన్నావు, అదీ పెట్టే చేసిందా? మీ ల్యాబులో నీళ్ళలో ఒక మలినం దొరికితే మిగతా పరీక్షలు ఆపేసి ఇంటికెళ్ళిపోతారా?”

దించుకున్న బండ మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది.

“ఇటు రా,” అని ఆవిడ నన్ను తన కుడి పక్కకి లాగింది. నేనెన్నడూ నిలబడని పక్క అది. “ఇప్పుడు మెల్లగా ఏదైనా అను.”

“ఏమనను?”

ఆవిడ నా వైపు తిరగలేదు. కదల్లేదు. కిటికీలోకి చూస్తూ నిలబడింది. ఇంకోసారి అన్నాను. అప్పుడు తిరిగి, “అన్నావా?” అంది.

ఎంతో కాలంగా పక్కన ఉన్న మనిషి. అప్పటిదాకా మాకు తెలియదు.

వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడట. ఆవిడకి మా పాపంత వయసప్పుడు రేడియోకి చెవి ఆనించి కూర్చునేదట. ఆయన భయపడి రేడియో విప్పి చూస్తే స్పీకర్ కాగితం చిరిగి ఉంది. అతికించాడు. గొంతు బాగా వచ్చింది. పిల్ల దూరం జరిగి కూర్చుంది. “మా నాన్న ఆ రోజు ఇంటిల్లిపాదికీ మిఠాయి పంచాడట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది,” అంది అక్క. “స్పీకర్ చిరిగింది నిజమే. నా కుడి చెవిలో చీము ఉన్నదీ నిజమే. మొదటిది దొరికిందని రెండోది ఎవరూ వెతకలేదు. బళ్ళో టీచరు కనిపెట్టేసరికి లోపల మిగిలిందేమీ లేదు. మా నాన్న తెలివితక్కువవాడు కాదు తమ్ముడూ. నా మీద ప్రాణం ఆయనకి. కారణం దొరికితే చాలనిపించింది, అంతే.”

“మరి ఈ ఉద్యోగం...” నా భార్య అడగలేక ఆగింది.

“చెవి ఒకటే అని తెలిసే పెట్టుకున్నారు. ఒక చెవి వాళ్ళకి కళ్ళు ఎక్కువ పనిచేస్తాయమ్మా. ఎదుటివాళ్ళ పెదాలు చూసి సగం మాటలు కళ్ళే పూర్తిచేస్తాయి. నాకు తెలియకుండానే చేసేస్తాయి. అందుకే తెరకేసి చూస్తే నన్ను నేను నమ్మను. వీపు పెడితే ఉన్నది ఉన్నట్టు వినపడుతుంది. లేనిది లేనట్టు.”

తర్వాతి రోజు కంపెనీలో జరిగింది కూడా తనే చెప్పింది. “సౌండ్ వస్తోంది కదమ్మా, వాన ఎంత బాగా వస్తోందో చూడండి,” అన్నాడట మేనేజర్. ఆవిడ ఆయన కుర్చీని తిప్పి, గోడకేసి కూర్చోబెట్టి, “ఇప్పుడు హీరో ఏమన్నాడో చెప్పండి సార్,” అందట. ఆయన కాసేపు గోడని చూసి, ఆ అప్‌డేట్ ఆపమని చెప్పాడట. సరిచేసిన అప్‌డేట్ అందరి ఇళ్ళకీ పంపేదాకా ఆవిడ భోజనానికి లేవలేదని వాళ్ళ ఆఫీసు అమ్మాయి చెప్పింది.

మంగళవారం మాతో పాటు వచ్చింది.

పరీక్ష గది చిన్నది. గోడలకి మెత్తని పలకలు వేసి ఉన్నాయి. లోపలికి వెళ్ళగానే నా ఊపిరి నాకే వినపడింది. పాప తల మీద పెద్ద హెడ్‌ఫోన్ పెట్టారు. పరీక్ష చేసే అమ్మాయి ఆట చెప్పింది: పిట్ట కూత వినపడగానే చేతిలోని చెక్క ముక్కని డబ్బాలో వేయాలి. మమ్మల్ని మూల కుర్చీల్లో, చప్పుడు చేయవద్దని కూర్చోబెట్టారు. అక్క తన కుర్చీని మెల్లగా గోడవైపు తిప్పుకుంది.

కుడి చెవితో మొదలుపెట్టారు. కూత మాకు వినపడదు. చెక్క ముక్క డబ్బాలో పడే చప్పుడు ఒక్కటే. టక్. కాస్త ఆగి, టక్. పాప గర్వంగా నావైపు చూసింది. టక్.

ఎడమ చెవికి మార్చారు.

పాప చెక్క ముక్కని చెవి దగ్గర పట్టుకుని, తాబేలు తాతలాగే ఎదురుచూసింది. చెయ్యి కదల్లేదు. ఆ అమ్మాయి కూత పెంచే మీట తిప్పింది. పాప నా వైపు చూసి నవ్వింది, ఆట ఎప్పుడు మొదలవుతుందని అడుగుతున్నట్టు. నా భార్య గోళ్ళు నా అరచేతిలో దిగాయి. మీట ఇంకా తిప్పారు. డబ్బా ఊరుకుంది. గోడకేసి కూర్చున్న అక్క వీపు మీద చీర కొంగు సన్నగా అదరడం చూశాను. ఆవిడ చూడలేదు, కానీ ఆవిడకి తెలిసిపోయింది.

చివరికి, చాలా సేపటికి, టక్.

ఎడమ చెవిలో, కర్ణభేరి లోపలి పక్కన నీరు చేరిందన్నారు డాక్టరుగారు. జలుబుతో వచ్చిందట. నరం పాడవలేదు. మందులు, మళ్ళీ పరీక్ష, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. “ఇలాగే వదిలేసి ఉంటే మాటలు వెనకబడేవి. ఎలా కనిపెట్టారు?” అని అడిగారు.

నేను అక్కవైపు చూశాను. ఆవిడ నా కుడి పక్కన నిలబడి పాప జుట్టు సరిచేస్తోంది.

“టీవీ బాగుచేశామండీ,” అంది. “ఆ తర్వాత ఆగలేదు.”

రెండో పరీక్షలో టక్‌లు త్వరగా పడ్డాయి. అన్నీ పడలేదు. మూడో పరీక్ష ఇంకా ఉంది. నాకు భయం పోలేదు. పాప తుమ్మితే గుండె జారుతుంది. కానీ భయపడడంలో ఒక పద్ధతి వచ్చింది. పాపకి దగ్గు తగ్గినా, ల్యాబులో నీళ్ళు శుభ్రమని తేలినా, హమ్మయ్య అనుకోబోయే ముందు కుర్చీని తిప్పి కాసేపు గోడకేసి కూర్చుంటాను. మా వాళ్ళకది నవ్వులాటగా ఉంది. పాప నన్ను ‘వీపు నాన్న’ అంటోంది.

ఈ పద్ధతి మొదటి పరీక్ష రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ అక్క చెప్పినదే. పాప మధ్యలో ఆవిడ వేలు పట్టుకుని ఉంది, నేను ఆవిడకి ఎడమ పక్కన నడుస్తున్నాను. “కారణం దొరికిన రోజునే ఎక్కువ జాగ్రత్తగా ఉండు తమ్ముడూ,” అంది. “దొరికినదాన్ని సరిచెయ్యి. తర్వాత వీపు తిప్పి కూర్చుని, ఇంకా ఏది వినపడటం లేదో విను.”